కనకాంబరం ఒక్క మొక్క కాదు: గుర్తుపట్టడం, పెంచడం, కాపాడుకోవడం

కనకాంబరం పెంచేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో మూడు మళ్ళీ మళ్ళీ వినిపిస్తాయి. మొక్క విరగబూస్తోంది గానీ ఒక్క గింజ కూడా పట్టడం లేదెందుకు? పక్కింటి కనకాంబరం కింద వానాకాలం రాగానే బోలెడు నారు మొలుస్తుంటే మా మొక్క కింద నేల బోడిగా ఉంటుందెందుకు? నిన్నటిదాకా పచ్చగా కళకళలాడిన మొక్క, మట్టిలో తడి ఉండగానే తలవాల్చేసిందెందుకు? చాలామంది దీన్ని హస్తవాసి మీదకు తోసేసి ఊరుకుంటారు. హస్తవాసికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు ఆ మొక్క ఏ రకమో తెలిస్తే దొరుకుతుంది. మూడోదానికి జవాబు వేళ్ళు కడిగి చూస్తే దొరుకుతుంది.

మన దగ్గర కనకాంబరం అన్న పేరుతో నర్సరీల్లో, ఇళ్ళల్లో, పూలతోటల్లో ఉన్నవన్నీ ఒకటే మొక్క కావు. కొన్ని అసలు కనకాంబరాలే కావు. కనకాంబరాలే అయినవాటిలోనూ గింజ నుంచి వచ్చేవి వేరు, కొమ్మ నాటితేనే వచ్చేవి వేరు. ఈ తేడా తేలకుండా ఎవరో చెప్పిన సలహా పాటిస్తే, అది మంచి సలహాయే అయినా మన మొక్కకు పనికిరాకపోవచ్చు.

ముందు అది కనకాంబరమేనా?

శాస్త్రీయంగా దీని పేరు క్రాసాండ్రా ఇన్‌ఫండిబ్యులిఫార్మిస్. దక్షిణ భారతదేశం, శ్రీలంక దీని సొంత నేలలు. అంటే మన పెరటికి ఎక్కడినుంచో వచ్చి చేరిన మొక్క కాదు, ఇక్కడి ఎండకూ వానకూ పుట్టుకతోనే అలవాటుపడినది. అకాంథేసీ కుటుంబం. అడ్డసరం, నేలవేము, పిల్లలు నీళ్ళలో వేసి పేల్చే చిటపట కాయల మొక్క అన్నీ ఇదే కుటుంబానివి.

సాధారణంగా రెండు మూడడుగులు పెరుగుతుంది. ఆకులు ముదురాకుపచ్చగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, అంచుల్లో కాస్త అలలు తిరిగి ఉంటాయి. కణుపు దగ్గర ఎదురెదురుగా రెండేసి గానీ, చుట్టూ నాలుగేసి గానీ వస్తాయి. నీళ్ళు అందితే ఏడాది పొడుగునా ఆకు రాల్చకుండా పచ్చగానే ఉంటుంది. అందుకే పువ్వు లేని రోజుల్లో కూడా పెరటికి నిండుగా ఉంటుంది.

అయితే ఆకు చూసి కనకాంబరాన్ని తేల్చడం కష్టం. చూడాల్సింది వెన్నును, పువ్వును. ఆకు మొదట్లోంచి సన్నటి, పొడుగాటి కాడ లేస్తుంది. దాని చివర నలుపలకలుగా, ఒకదానిమీద ఒకటి సర్దుకున్న పచ్చటి పొలుసులతో వెన్ను ఉంటుంది. ఒక్కో పొలుసు చాటున ఒక్కో మొగ్గ. అడుగు నుంచి మొదలుపెట్టి రోజుకు కొన్ని చొప్పున పైకి విచ్చుకుంటూ పోతాయి. అందుకే ఒకే వెన్ను నుంచి వారాల తరబడి పూలు కోస్తాం.

ఇక ఒక్క పువ్వును తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. కింద సన్నటి గొట్టం. పైన ఐదు రేకులు. కానీ ఆ ఐదూ గొట్టం చుట్టూ గుండ్రంగా పరుచుకోవు. గొట్టం పైవైపు నిలువునా చీలిపోయి, రేకులన్నీ ఒక్క పక్కకే విసనకర్రలా విచ్చుకుంటాయి. పైపెదవి అన్నదే లేదు. కనకాంబరాన్ని పట్టిచ్చే గుర్తు ఇదే, రంగు కాదు. కనకాంబరాల దండ అంత ఒత్తుగా, చదునుగా, తలకు అతుక్కున్నట్టు అమరేది కూడా ఈ ఆకారం వల్లే. రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి గొట్టాల దగ్గర దారం ముడి వేస్తే, విసనకర్రలన్నీ బయటికి తిరిగి ఒకదాన్నొకటి కప్పుకుంటాయి. గొట్టం మెత్తన కాబట్టి ముడి మరీ బిగిస్తే తెగుతుంది, వదులైతే జారుతుంది. బాగా కట్టేవాళ్ళ వేళ్ళకు ఆ పట్టు తెలుసు.

వాసన ఉండదు. అందుకే మల్లెలతోనో మరువంతోనో కలిపి కదంబం కడతారు. వాసన లేని లోటును రంగూ నిలవా తీరుస్తాయి. పొద్దున పెట్టుకున్న మల్లె సాయంత్రానికి ఎర్రబడుతుంది, కనకాంబరం మర్నాటికీ రంగు చెడకుండా ఉంటుంది. పువ్వు దూదిలా తేలిక కాబట్టి కిలో తూగాలంటే వేలకొద్దీ పూలు కోయాలి. శ్రావణమాసంలో, పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో కనకాంబరం ధర అలా పైకి లేవడంలో ఆ కూలి శ్రమకు పెద్ద వాటా ఉంది. మూర కొనేటప్పుడు బేరమాడేవాళ్ళు ఒకసారి తలుచుకోవాల్సిన సంగతి అది.

ఇప్పుడు తికమకపెట్టే మొక్కల సంగతి. ఎక్కువగా పొరబడేది డిసెంబరాలతో. అవీ అకాంథేసీయే, దండ కట్టుకునేవే, వాటికీ పెద్దగా వాసన ఉండదు. కానీ డిసెంబరం పువ్వుకు రేకులు చుట్టూ దాదాపు సమంగా పరుచుకుంటాయి. పువ్వు అడుగున రెండు పెద్ద ఆకుల్లాంటి రక్షకపత్రాలు, వాటి అంచున ముళ్ళలాంటి పళ్ళు కనిపిస్తాయి. ఊదా, గులాబీ, తెలుపు రంగుల్లో చలికాలంలో పూస్తుంది.

పసుపు కనకాంబరం అనుకుని ముళ్ళ గోరింట తెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. దానికి ఆకుల మొదట్లో సూదుల్లాంటి ముళ్ళుంటాయి, చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. పువ్వులో నాలుగు రేకులు పైకి, ఒకటి కిందికి ఉంటాయి. కనకాంబరానికి ముళ్ళు ఎక్కడా ఉండవు.

ఆకుపచ్చా నీలమూ కలిసిన వింత రంగులో పూసే ఎక్బోలియం అనే మొక్కను కూడా నర్సరీల్లో నీలి కనకాంబరం అని అమ్ముతుంటారు. వెన్ను చూస్తే నిజమేననిపిస్తుంది. పువ్వులో మాత్రం పైన సన్నటి పెదవి ఒకటి, కింద మూడు రేకులు ఉంటాయి. అందమైన మొక్కే, పెంచుకోవచ్చు. కాకపోతే కనకాంబరం కాదు.

గింజ కనకాంబరం, ఢిల్లీ కనకాంబరం

అసలు చిక్కు ఇక్కడుంది. మన తోటల్లో ఉన్న కనకాంబరాలను రెండు జట్లుగా చూడాలి. నారింజ రంగు మామూలు కనకాంబరం, ల్యూటియా అనే పసుపు రకం, సెబాక్యులిస్ రెడ్ అనే ఎర్ర రకం ఒక జట్టు. ఇవి గింజ కడతాయి, నారు పోసి పెంచుతారు. రెండో జట్టులో అందరికీ తెలిసినది ఢిల్లీ కనకాంబరం. పువ్వు పెద్దది, రంగు చిక్కన, దిగుబడి ఎక్కువ. గింజ మాత్రం కట్టదు.

కారణం మొక్క కణాల్లోనే ఉంది. మొక్క కణంలో క్రోమోజోములు సెట్లు సెట్లుగా ఉంటాయి. గింజ కనకాంబరాల్లో ఆ సెట్లు నాలుగు. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు నాలుగూ రెండుగా సమంగా విడిపోతాయి, చిక్కు లేదు. ఢిల్లీ రకంలో సెట్లు మూడే. మూడింటిని రెండు సమభాగాలు చేయడం కుదరదు. దాంతో పుప్పొడీ అండమూ పనికిరాకుండా పోతాయి, గింజ పట్టదు. మనం తినే అరటిపండులో గింజ లేకపోవడానికి కూడా ముఖ్య కారణం ఇదే. కాబట్టి ఢిల్లీ కనకాంబరానికి ఎంత ఎరువేసినా, ఎన్ని నెలలు వెన్నులు ఉంచినా గింజ రాదు. అది మొక్క జబ్బు కాదు, దాని స్వభావం.

ఇంట్లో ఉన్నది ఏ జట్టుదో తేల్చుకోవడం తేలికే. పూయడం అయిపోయిన ఒక వెన్నును కోయకుండా వదిలేయండి. అది గోధుమరంగుకు తిరిగాక, పొలుసులను గోటితో విప్పి చూడండి. గింజ రకమైతే లోపల గట్టిగా, నిలువుగా, సెంటీమీటరు దాకా ఉండే కాయలు దొరుకుతాయి. ఒక్కో కాయలో సాధారణంగా నాలుగు గింజలు. ఢిల్లీ రకమైతే పొలుసుల వెనక ఎండిన తొడిమలు తప్ప ఏమీ ఉండదు.

కొనేటప్పుడు ఇంత ఓపిక పట్టలేం కదా. అప్పుడు వేరు చూడాలి. కవరు అడుగున కాస్త మట్టి విదిలిస్తే, గింజ మొక్కకు నడుమ ఒక తల్లివేరు కనిపిస్తుంది. కొమ్మ నుంచి వచ్చినదానికి తల్లివేరు ఉండదు, కోసిన కొమ్మ మొదట్లోంచి అన్ని వైపులకూ సన్న వేళ్ళు దిగి ఉంటాయి. అయితే గింజ రకాన్ని కూడా కొమ్మతో పెంచవచ్చు కాబట్టి తల్లివేరు లేనంత మాత్రాన ఢిల్లీ రకమని తీర్పు చెప్పలేం. తల్లివేరు ఉంటే మాత్రం అది ఢిల్లీ రకం కాదని గట్టిగా అనుకోవచ్చు.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక, అర్క శ్రీయ, అర్క శ్రావ్య, అర్క చెన్న వంటి రకాలను విడుదల చేసింది. పూలతోట వేయాలనుకునే రైతులు వీటి గురించి వాకబు చేయడం మంచిది. పెరట్లో నాలుగు మొక్కలు పెట్టుకునేవాళ్ళకు నా ఓటు మాత్రం మామూలు నారింజ గింజ రకానికే. పువ్వు కాస్త చిన్నదైనా, ఒక మొక్క పోతే దాని నారు పక్కనే సిద్ధంగా ఉంటుంది. ఢిల్లీ రకం పోయిందంటే మళ్ళీ కొనాలి, లేదా ముందే కొమ్మలు నాటుకుని ఉండాలి.

గింజ పట్టుకోవడం, కొమ్మ నాటడం

గింజ రకంలో ఒక విశేషం ఉంది. ఎండిన కాయకు తడి తగలగానే టప్పున పగిలి రెండుగా విడిపోతుంది. గింజను పట్టి ఉంచిన కొక్కెంలాంటి కాడ ఆ అదటుకు గింజను దూరంగా విసిరేస్తుంది. తొలకరి పడ్డ సాయంత్రం కనకాంబరం మొక్క దగ్గర నిలబడితే ఆ చిటపటలు చెవికి వినిపిస్తాయి. గింజ మీద పలచటి పొలుసుల కుచ్చులుంటాయి, తడిస్తే అవి జిగురెక్కి మట్టికి అంటుకుంటాయి. కాయ పేలేది నేల తడిసినప్పుడే, గింజ అంటుకునేదీ తడిసిన నేలకే. మొలకెత్తడానికి అంతకంటే అనువైన సమయం ఏముంటుంది!

కాబట్టి గింజ దాచుకోవాలంటే వాన రాకముందే, మంచు పడని వేళ, గోధుమరంగుకు తిరిగిన వెన్నులు కోయాలి. గుడ్డసంచిలో వేసి మూతి కట్టి నీడలో ఆరబెడితే పగిలినవి సంచిలోనే ఉంటాయి. పగలని కాయల మీద నాలుగు నీటి చుక్కలు చిలకరించి సంచి మూసేస్తే అవే విడిపోతాయి. గింజను ఆలస్యం చేయకుండా వాడుకోవాలి, పాతబడ్డకొద్దీ మొలక తగ్గుతుంది. పలచగా చల్లి, పైన ఇసుక పొర మాత్రం వేసి, తడి ఆరనివ్వకుండా చూస్తే రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. రెండు నెలల నారును మార్చి నాటుకోవచ్చు. ఆ తర్వాత మరో రెండు మూడు నెలలకు తొలి వెన్నులు వస్తాయి.

ఢిల్లీ రకానికి కొమ్మ చివర్లు కావాలి. మరీ లేతవి కుళ్ళిపోతాయి, మరీ ముదిరినవి వేరు వేయవు. రెండింటికీ మధ్యస్థంగా ఉన్న, నాలుగంగుళాల కొమ్మ తీసుకుని, కింది ఆకులు తుంచి, వెన్నులుంటే అవీ తీసేసి, తడి ఇసుకలో గుచ్చి నీడన ఉంచాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉండే వానాకాలం దీనికి అనువు. నెల తిరిగేసరికి వేళ్ళొస్తాయి. ఒక జాగ్రత్త: తెగులున్న మొక్క నుంచి కొమ్మ తీయొద్దు, పాత తోట మట్టిలో గుచ్చొద్దు. ఎందుకో కింద చెప్తాను.

నేల, ఎండ, నీళ్ళు

ఎర్ర నేలలు, ఇసుక కలిసిన గరప నేలలు కనకాంబరానికి బాగా నప్పుతాయి. నీరు నిలిచే నల్లరేగడిలో పెట్టాలంటే బోదెలు ఎత్తుగా వేసుకోవాలి. పొలంలో వరసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య గింజ రకానికి 30, ఢిల్లీ రకానికి 40 సెంటీమీటర్లు వదులుతారు. కుండీ అయితే పది పన్నెండంగుళాలది చాలు, అడుగున చిల్లులు మాత్రం పూడిపోకుండా చూసుకోవాలి.

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం కాస్త నీడ పడే చోటు దీనికి స్వర్గం. పూర్తి నీడలో ఆకు బాగుంటుంది, వెన్ను రాదు. నీళ్ళు క్రమం తప్పకూడదు, నిలవకూడదు. వేసవిలో నీళ్ళు తప్పితే ఆకు ముందు వాలుతుంది, మళ్ళీ పోస్తే లేస్తుంది. ఇలా నాలుగైదుసార్లు జరిగితే వెన్నులు పొట్టిగా వచ్చి మధ్యలోనే ఎండిపోతాయి.

పూలు రోజు విడిచి రోజు, ఎండెక్కకముందే కోయాలి. పూత అయిపోయిన వెన్నును కాడతో సహా కత్తిరించడం అన్నిటికన్నా ముఖ్యం. గింజ రకంలో వెన్ను వదిలేస్తే మొక్క తన బలమంతా గింజకే పెడుతుంది, కొత్త వెన్నులు తగ్గుతాయి. గింజ కోసం రెండు మూడు వెన్నులు ఉంచుకుంటే చాలు. రెండు మూడేళ్ళు దాటాక కాండం చేవదేరి పూత పలచబడుతుంది. అప్పుడు దాన్ని బతిమాలడం కంటే కొత్త మొక్క పెట్టుకోవడమే మేలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు తరచూ అడుగుతారు, అక్కడ పెరుగుతుందా అని. పెరుగుతుంది, చలి తగలనంత కాలం. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పోతే ఆకు రాల్చేస్తుంది, మంచు కురిస్తే చచ్చిపోతుంది. కుండీలో పెట్టి, చలి మొదలవగానే ఇంట్లోకి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర ఉంచాలి. హీటర్ గాలికి ఎదురుగా పెట్టొద్దు. యూరప్‌లో దీన్ని చాలాకాలంగా ఇంటి లోపలి మొక్కగానే పెంచుతున్నారు, స్వీడన్‌లో తయారైన మోనా వాల్‌హెడ్ అనే పొట్టి రకం అందుకే పేరు పొందింది. ఊరినుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో కొమ్మలు తెచ్చుకోవడం మాత్రం వద్దు. అమెరికా లాంటి దేశాల్లో అనుమతి పత్రాలు లేకుండా మొక్కలు, మట్టి తేవడం నేరం. అక్కడి నర్సరీల్లో క్రాసాండ్రా అని అడిగితే దొరుకుతుంది.

ఆకు పసుపెక్కితే ఏ ఆకో చూడండి

ఆకు పసుపెక్కగానే చేతికందిన ఎరువల్లా వేసేస్తుంటారు. కాస్త ఆగి, పసుపెక్కింది ఏ ఆకో చూడాలి.

కొత్త చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా గీతలు గీసినట్టు మిగిలితే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, ఉప్పు బోరు నీళ్ళు పోసే కుండీల్లో ఇది మామూలు. మట్టిలో ఇనుము ఉన్నా ఆ క్షారగుణం వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలిపి, ఎండ తగ్గాక చిగుళ్ళ మీద పిచికారీ చేస్తే ఆకు మళ్ళీ పచ్చబడుతుంది. మొక్కకు నచ్చేది ఉదజని సూచిక (pH) 6 నుంచి 7.5 దాకా ఉన్న నేల. వాన నీళ్ళు పట్టి పోయగలిగితే అంతకు మించిన మందు లేదు.

కింది ముదురాకులు మొత్తంగా పాలిపోతే అది నత్రజని తక్కువవడం. మాగిన పశువుల ఎరువు, నాలుగు పిడికిళ్ళ వేపపిండి వేస్తే తేరుకుంటుంది.

మూడోది, పై నుంచి కింద దాకా మొక్కంతా కళ తప్పి, ఎదుగుదల ఆగి, పూలు చిన్నవై, ఎరువు వేసినా నీళ్ళు పోసినా ఉలకదు పలకదు. ఇదే భయపడాల్సినది.

తడి ఉండగానే వాడిపోతే

అలాంటి మొక్కను ఒకదాన్ని వేళ్ళతో సహా మెల్లగా తవ్వి తీసి, బకెట్ నీళ్ళలో ముంచి మట్టి కడిగేయండి. ఆరోగ్యమైన కనకాంబరం వేళ్ళు తెల్లగా, సన్న పీచుతో నిండుగా ఉంటాయి. జబ్బుపడినదాని వేళ్ళ మీద గోధుమ, నలుపు మచ్చలు అక్కడక్కడా ఉంటాయి. పీచు వేళ్ళు చాలావరకు మాయమై ఉంటాయి. వేలితో లాగితే పై తొక్క తొడుగులా జారి వచ్చేస్తుంది.

ఈ పని నులిపురుగులది. ప్రాటిలెంకస్ డెలాట్రీ అనే నులిపురుగు కనకాంబరానికి పెద్ద శత్రువు. మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. వేరు లోపలికి దూరి కణాలను తింటూ సొరంగాలు తవ్వుకుంటూ పోతుంది. ఆ గాయాల గుండా మట్టిలోని ఫ్యుజేరియం శిలీంధ్రం లోపలికి వెళ్తుంది. పురుగు ఒక్కటే అయితే మొక్క ఈడుస్తూ బతుకుతుంది, శిలీంధ్రమూ తోడైతే ఎండు తెగులై కొద్ది రోజుల్లోనే పోతుంది. నీళ్ళు పీల్చే దారి మూసుకుపోయింది కాబట్టే తడి మట్టిలో కూడా మొక్క దాహంతో వాడుతుంది. పైన వాడింది కదా అని మనం ఇంకా నీళ్ళు పోస్తాం, దాంతో కుళ్ళు ఇంకా తొందరగా ముదురుతుంది.

వేళ్ళు అలా పోయిన మొక్కను బతికించే ప్రయత్నం దండగ. పీకి దూరంగా పారేయాలి, ఎరువు గుంతలో వేయకూడదు. పక్కనున్న మొక్కలకు నీళ్ళు తగ్గించి, మొదళ్ళలో వేపపిండి వేసి, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపిన పశువుల ఎరువు అందించాలి. ఇవి పురుగును పూర్తిగా తుడిచిపెట్టవు, దాని జోరు తగ్గిస్తాయి. పాత తోట మట్టిలో కొమ్మలు గుచ్చొద్దని పైన చెప్పింది ఇందుకే. నర్సరీ కవర్లోని గుప్పెడు మట్టి చాలు, ఈ పురుగు మన పెరట్లో అడుగు పెట్టడానికి. కొత్త మొక్క తెచ్చినప్పుడు నేలలో పెట్టేముందు ఒకసారి వేళ్ళు చూడమని అందుకే గట్టిగా చెప్తాను.

పోయిన మొక్క గుంతలోనే మళ్ళీ కనకాంబరం నాటితే దానికీ అదే గతి పడుతుంది. ఆ మడిలో ఒక పంటకాలం బంతి వేయండి. బంతి వేళ్ళలో ఉండే రసాయనం వేళ్ళలోకి దూరే నులిపురుగులను దెబ్బతీస్తుంది. బంతి మొక్కలు బతికి వేళ్ళు పనిచేస్తున్నంత కాలమే ఆ పని బాగా జరుగుతుంది కాబట్టి, దసరా పూల కోసమని ఊరికే నాలుగు మొక్కలు కాకుండా మడి నిండా ఒత్తుగా వేసి నెలల తరబడి ఉంచాలి. ఈలోగా కనకాంబరాలు కావాలనుకునేవాళ్ళు కొత్త మట్టి, మాగిన ఎరువు, ఇసుక కలిపి కుండీల్లో పెట్టుకోవచ్చు. ఆ కుండీలను నేల మీద కాకుండా ఇటుకల మీద పెట్టండి, అడుగు చిల్లుల్లోంచి పాత మట్టి లోపలికి చేరకుండా ఉంటుంది.